పంట పోకుండా, పిట్ట పోకుండా: ఏ నేలకి ఏ సాగు ఎంచుకోవాలి?

పొలంలో అడవి జీవాలకీ కాస్త చోటుండాలి, అలాగని రాబడి తగ్గకూడదు అనుకునే రైతుకి ఎక్కడికెళ్లినా వినపడే సలహా ఒక్కటే: చెట్లు నాటండి. మన్యంలో ఇది మంచి మాటే. నంద్యాల జిల్లా మెట్ట బీళ్లలో మాత్రం ఇదే మాట విని నడిస్తే ఉన్న జీవాలు కూడా పోతాయి.

రోళ్లపాడు సంగతి చూడండి. నందికొట్కూరు దగ్గరి ఆ గడ్డి బీళ్లని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. కాపాడాలనుకున్నది బట్టమేక పిట్టని. మీటరు ఎత్తుండే ఈ భారీ పిట్ట గుడ్డు నేలమీదే పెడుతుంది, అదీ మామూలుగా ఏడాదికి ఒక్కటే. చుట్టూ దూరం దాకా కనపడే బయలు ఉంటేనే దానికి ధైర్యం. చుట్టుపక్కల జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటలు వేసినన్నాళ్లు చేలల్లోకీ వచ్చి మిడతల్ని ఏరుకు తినేది. తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, పంటల తీరు మారింది, బీళ్లు దుక్కిలోకి వెళ్లాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ పిట్టలు రెండొందలు కూడా లేవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో ఉన్నాయి. ఇలాంటి నేలలో వరసగా జామాయిల్ మొక్కలు పెట్టి పచ్చదనం పెంచామనుకుంటే, గడ్డిని నమ్ముకున్న పిట్టకీ జింకకీ తోడేలుకీ ఉన్న కాస్త చోటూ మనమే మూసేసినట్టు.

అందుకే ఎంపిక పద్ధతి దగ్గర కాదు, నేల దగ్గర మొదలవ్వాలి. మీ పొలం ఇప్పటికే దేనికి ఇల్లు? గడ్డి బీడా, చెరువు కింద మాగాణా, కొండవాలు నీడా, అడవి అంచా? ఆ సంగతి తేలాకే లెక్కలోకి రండి. లెక్కలో కూడా వరస ముఖ్యం. తగ్గిన ఖర్చు కచ్చితంగా మీ చేతిలో మిగిలే డబ్బు. మంచి ధర వస్తుందన్నది సగం నమ్మకం. పర్యాటకులొస్తారు, అవార్డులొస్తాయి అన్నదాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఈ మూడింటిని తలకిందులు చేసి మొదలుపెట్టినవాళ్లే రెండేళ్లలో విసిగిపోయి పాత పద్ధతికి వెళ్లిపోతున్నారు.

మెట్ట చేను: కర్ర తోటా, కలిపి పంటలా, గడ్డి బీడా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

జామాయిల్, సుబాబుల్ వైపు రైతు ఎందుకు మొగ్గుతాడో నాకు అర్థమవుతుంది. ఒకసారి నాటితే కూలీల కోసం వెతుక్కోనక్కర్లేదు. మూడు నాలుగేళ్లకి ఒక నరుకు, ఒకేసారి డబ్బు. జామాయిల్‌ని అడవి పంది ముట్టదు. వానలు ఒక ఏడాది మొహం చాటేసినా తోట చావదు. కానీ ఆ కర్రకి ధర పేపరు మిల్లుల చేతిలో ఉంటుంది, కొట్టుడు కూలి, రవాణా పోగా మిగిలేదే మీది. పొలాన్ని మళ్లీ పంటకి తిప్పాలంటే మొద్దులు పెకిలించే ఖర్చు కూడా మీదే. జీవాల వైపు నుంచి చూస్తే, ఒకే వయసు చెట్లు, తినడానికి పండు లేదు, అడుగున గడ్డి అంతంతమాత్రం, ఉన్న గూడు కూడా నరుకు రోజున ఒక్కసారిగా పోతుంది. సుబాబుల్ గింజ పక్క చేలల్లోకి పాకే బెడద వేరే. భూమి చూసుకునేవాళ్లే లేని ఇంట్లో ఇది ఆదాయ మార్గమే, ఒప్పుకుంటాను. వన్యప్రాణుల కోసమని మాత్రం దీన్ని ఎంచుకోకండి.

రెండో దారి కలిపి పంటలు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఎకరం రెండెకరాల చెలకల్లో జొన్న, కంది, పెసర, అనుము, కుసుమ, అవిసె అంటూ ఇరవై దాకా రకాలు కలిపి వేస్తారు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే వాళ్ల పాత పంటల జాతరలో బండ్లమీద ఆ విత్తనాలన్నీ ఊరూరా తిరుగుతాయి. 2019లో ఆ సంఘాలకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచండి, ఆ చేను ఎలా పనిచేస్తుందో గమనించండి. ఒక పంట పూతలో ఉంటే ఇంకోటి గింజలో ఉంటుంది. అంటే నెలల తరబడి తేనెటీగకి పూత, పాలపిట్టకి పురుగు, పూరేడుకి కింద దాక్కునే చాటు దొరుకుతాయి. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుంది. మందుల దుకాణానికి బాకీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సాగులో ఇదే ఆలోచన ఇంకో రూపంలో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో, రుతుపవనాలకి ముందే, పొడి నేలలో నవధాన్యాలు చల్లడం. గింజకి మట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పట్టించి ఉండలా చేస్తారు కాబట్టి చీమలూ పిట్టలూ అంత తేలిగ్గా ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే మొలక లేస్తుంది. అనంతపురం లాంటి చోట మండువేసవిలో చుట్టూ ఎర్రటి దుక్కి ఉన్నప్పుడు ఆ ఒక్క చేను పచ్చగా ఉంటుంది. అక్కడ మోకాళ్లమీద కూర్చుని ఆకులు పక్కకి తీస్తే తేడా కంటికే కనపడుతుంది: పక్క దుక్కిలో నేల పొక్కిలి లేచి వేడిగా ఉంటే, ఇక్కడ మట్టి చల్లగా, సాలీళ్లు అటూ ఇటూ పరుగులు తీస్తూ, అలసందలో అక్షింతల పురుగులు పేనుబంకని తింటూ ఉంటాయి. ఎకరానికి ఒకసారికి పడే జీవామృతం రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. ఇంట్లో ఆవు ఉంటే బెల్లానికీ పిండికీ తప్ప డబ్బు పెట్టక్కర్లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కలిపి పంటల్లో కోత ఒక్కసారితో అయిపోదు. పెసర ఒకసారి, కొర్ర ఒకసారి, కంది ఇంకెప్పుడో. ఇంట్లో నలుగురు చేతులుంటే సరే, అన్నిటికీ కూలీలే అయితే మిగిలింది కోతకే పోతుంది. అమ్మకం దగ్గరా మెలిక ఉంది. జొన్న, సజ్జ, రాగికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. కొర్రకీ సామకీ అది లేదు. కొర్రలు తినడం ఎంత పెరిగినా ధర వ్యాపారి చెప్పిందే. అందుకని నా సలహా: డబ్బు తెచ్చే పంటగా కందిని పెట్టుకోండి (2025-26లో క్వింటాలుకి మద్దతు ధర 8,000 రూపాయలు), కొర్ర, అనుము, అలసంద ఇంటి తిండికీ నేలకీ పనికొచ్చేలా మధ్య సాళ్లలో ఉంచండి. వేరుశనగలో అక్కడక్కడ కంది సాలు పెట్టడం రాయలసీమ రైతుకి నేర్పాల్సిన పని కాదు. పంటలన్నీ కలిపి చల్లే బదులు సాళ్లుగా వేస్తే గుంటక తిరుగుతుంది, కోత కూడా విడివిడిగా తెముల్తుంది.

మూడోది గడ్డి. దీన్ని ఎవరూ ఎంపికగానే చూడరు, బీడంటే పనికిమాలిన నేల అనే అలవాటు మనకి. పూర్వపు అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో కల్పవల్లి చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాదాపు 9,000 ఎకరాల బోడి గుట్టల్ని అగ్గి అంటకుండా, అడ్డగోలుగా నరక్కుండా కాపాడుకొచ్చారు. పెద్దగా నాటిందేమీ లేదు, నేల తనంతట తనే లేచింది. బోద గడ్డి కొట్టాల కప్పుకి, మేత పశువులకి, ఈత ఆకు చీపుర్లకి, వంటచెరకు ఇంటికి. తోడేళ్లూ ఎలుగుబంట్లూ తిరిగే అడవి అయింది. ఆ తర్వాత గాలిమరలూ, వాటికోసం గుట్టల్ని చీల్చి వేసిన రోడ్లూ వచ్చి చాలా చోట్ల ఆ కష్టాన్ని దెబ్బతీశాయి. కాగితాల మీద బీడు బీడే కాబట్టి దాన్ని కాపాడుకున్నవాళ్లకి హక్కు చూపించుకోవడం కష్టమైంది. ఊరి ఉమ్మడి నేల విషయంలో ఇది మరిచిపోకూడని సంగతి.

సొంత చేనులో ఇది ఎలా? పదెకరాలు ఉన్న రైతుకి ఎకరమో రెండెకరాలో రాళ్ల చెలక, గుట్టవాలు ఉండనే ఉంటుంది. ఏటా దున్ని, విత్తనం పోసి, నష్టపోయేది అక్కడే. ఆ ముక్కని దున్నడం మానేయండి. గడ్డి గింజ రాలేదాకా మేపకండి, రాలాక గొర్రెలవాళ్లకి ఇవ్వండి. అదే మందని రాత్రిళ్లు మీ మంచి చేలో కట్టించుకోండి. మామూలుగా మంద కట్టినందుకు మనం ఎదురిచ్చేది, మేత మీదైతే బేరం మీ వైపుకి తిరుగుతుంది, ఎరువు బస్తాలు తగ్గుతాయి. తీతువు, కౌజు, పూరేడు గుడ్లు పెట్టే చోటు అలాగే మిగులుతుంది. నష్టం వచ్చే ముక్కని వదిలేయడం వల్ల మొత్తం చేను రాబడి పెరగడం నేను ఎక్కువగా నమ్మే లెక్క. మూడు దారుల్లో మెట్టకి నా ఓటు ఇదే: మంచి ముక్కలో సాళ్లుగా కలిపి పంటలు, చెడ్డ ముక్కలో గడ్డి, గట్టు మీద ఉన్న వేప, రేగు, తుమ్మని కొట్టకుండా అలాగే ఉంచడం.

గొర్రెలు, పశువుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. నొప్పికి వాడే డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకుండా 2006లోనే నిషేధించారు, ఎందుకంటే ఆ మందు పడి చచ్చిన పశువుని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లని కూడా 2023లో ఆపేశారు. మెలాక్సికామ్ రాబందుకి హాని చేయదు. డాక్టరుగారిని పేరుపెట్టి అదే అడగండి.

చెరువు కింద మాగాణి: పిట్టల వరా, చేపల చెరువా?

డబ్బు ఒక్కటే చూస్తే చేపల చెరువు ముందు వరి నిలవదు. కొల్లేరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. అయితే మొదట చూడాల్సింది చట్టం. కొల్లేరులో +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం గుర్తింపు ఉన్న చిత్తడి నేల. అందులో చేపల చెరువులు తవ్వకూడదు. 2006లో ప్రభుత్వమే వేల ఎకరాల చెరువు గట్లు పగలగొట్టించింది. ఆ పరిధిలో ఎవరైనా చవగ్గా లీజు ఇస్తానంటే, ఆ చవకకి కారణం అదే.

కాంటూరు బయట చట్టం అడ్డు రాదు. కానీ చేపల చెరువుని పక్షుల నెలవు అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. కొల్లేరులోని ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతు (పెలికాన్) రోజూ తినేది చేపే, మీ చెరువులోది అయినా సరే. దాన్ని రానివ్వకుండా మీద దారాలు కడతారు, వలలు కప్పుతారు, అందులో చిక్కుకుని రెక్కలు తెగుతాయి. ఆ వ్యాపారమే చేయాలనుకుంటే చేయండి, సన్న నైలాను దారం బదులు దూరానికే కనపడే లావు తాడు, రంగు రిబ్బన్లు వాడండి, గట్టు మీద చెట్లుండనివ్వండి. అంతకు మించి వాటి మధ్య స్నేహం కుదరదు.

వరిలో కుదురుతుంది. తిరుపతి జిల్లా దొరవారి సత్రం దగ్గరి నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. 1976 నుంచి అది అభయారణ్యం, కానీ అంతకుముందు నుంచే ఊళ్లవాళ్లు వాటిని ఏమీ అననిచ్చేవాళ్లు కాదు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పారితే చేను బలంగా వస్తుందని వాళ్ల నమ్మకం, అది గాలిమాట కాదు, రెట్టలో నత్రజని, భాస్వరం ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్లోని చింతచెట్లు, చిలమత్తూరు దగ్గర వీరాపురం కూడా ఇలా ఊళ్లు కాపాడుకున్నవే.

వరి రైతుకి పిట్ట చేసే పని ఎరువుతో ఆగదు. కొంగలు పురుగుల్నీ, చిల్లుముక్కు కొంగ నత్తల్నీ తింటాయి. ఎలుకల విషయంలో తెల్ల గుడ్లగూబని మించిన కాపలా లేదు. దాన్ని చావుపిట్ట అని తరిమేసే ఊళ్లు చాలా ఉన్నాయి, ఎలుకలకి మందులు కొనేదీ ఆ ఊళ్లే. ఎకరానికి పదిహేను ఇరవై చోట్ల ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో కర్రలు పాతితే పగలు పసులపోలిగాడు, పాలపిట్ట, రాత్రి గుడ్లగూబ వాటిమీద వాలతాయి. ఖర్చు దాదాపు లేదు. గింజ పాలు పోసుకునే వేళకి మాత్రం ఆ కర్రలు తీసేయండి, లేకపోతే గింజ తినే పిట్టలకి అవే ఆసనాలవుతాయి.

ఈ లాభం రావాలంటే రెండు మానాలి. ఒకటి, పురుగుమందు గుళికలు. ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి నిషేధంలో ఉన్నాయి, మిగిలిన గుళికలూ నీళ్లలో కరిగి పురుగునీ చేపనీ కప్పనీ, వాటిని తిన్న కొంగనీ వదలవు. రెండోది, బ్రోమాడయోలోన్ లాంటి ఎలుకల మందు. దాన్ని తిన్న ఎలుక వెంటనే చావదు, నీరసంగా తిరుగుతూ గుడ్లగూబకో జెర్రిపోతుకో దొరుకుతుంది. గోదావరి జిల్లాల్లో ఎలుకలు పట్టేవాళ్లు సాయంత్రం బుట్టలు పెట్టి పొద్దున్నే తీసే పద్ధతి ఇంకా ఉంది, ఎలుకకింత అని తీసుకుంటారు. ఊళ్లో పదిమంది రైతులు ఒకే వారంలో, నాట్లు అయిన కొత్తల్లో బుట్టలు పెట్టిస్తే, ఎవరికి వాళ్లు మందు కొన్నదానికన్నా మేలు. ఒక్కరే పెట్టిస్తే పక్క చేను ఎలుకలు మళ్లీ వస్తాయి.

మన్యం కాఫీ: సిల్వర్ ఓక్ నీడా, ఊరి చెట్ల నీడా?

పాడేరు, అరకు కొండల్లో పోడు పోయి కాఫీ రావడం వల్ల చాలా వాలులు మళ్లీ కప్పు వేసుకున్నాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాఫీ పేరు పారిస్ దాకా వెళ్లింది. ఇక్కడ ప్రశ్న కాఫీ వేయాలా వద్దా అని కాదు, పైన ఏ చెట్టు ఉండాలి అని.

సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, తొందరగా పెరుగుతుంది, మిరియాల తీగ ఎక్కించడానికి బాగుంటుంది, చివరికి కర్రకీ పనికొస్తుంది. చిన్న కమతాలున్న గిరిజన రైతుకి ఆ మిరియాల డబ్బు తక్కువేం కాదు, కాఫీ ధర పడిపోయిన ఏడు ఇంటిని ఆదుకునేది అదే. కాబట్టి సిల్వర్ ఓక్ తీసేయమని నేను చెప్పను. కానీ తోట మొత్తం అదే అయితే, అటు పండు తినే పిట్టకీ, ఇటు పునుగు పిల్లికీ ఏడాదిలో చాలా నెలలు తినడానికి ఏమీ దొరకదు.

పనస, మామిడి, నేరేడు, మద్ది, జీలుగు, మేడి లాంటి చెట్లు కలిస్తే పరిస్థితి వేరు. మిరియాల తీగ గరుకు బెరడున్న పనసకీ మామిడికీ చక్కగా పాకుతుంది. పనసకాయ, జీలుగు కల్లు, మద్ది ఆకు కంపోస్టు ఇంటికే వస్తాయి. మేడి చెట్టు ఒక్కటి తోటలో ఉంటే ఏ పండూ లేని నెలలో కూడా పిట్టలు చేరతాయి. ఇబ్బంది ఏమిటంటే కొమ్మలు విస్తరించి నీడ చిక్కబడితే కాఫీ కాపు తగ్గుతుంది, వానల ముందు ఎక్కి కొమ్మలు కొట్టాలి, అది ప్రమాదం ఉన్న పని, కూలీ కూడా ఎక్కువ. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ పక్షులకి అనుకూలమైన కాఫీకి పెట్టిన కొలమానంలో నీడ కనీసం 40 శాతం ఉండాలి, ప్రధాన నీడ చెట్టు కాక ఇంకో పది రకాల చెట్లు ఉండాలి. ఆ ముద్ర మనకి వస్తుందా రాదా అన్నది పక్కన పెట్టి, ఆ కొలతని తోట చూసుకోవడానికి గీతగా వాడుకోవచ్చు.

కొత్తగా వేసేవాళ్లకి నేను చెప్పేది ఇది. ఉన్న అడవి చెట్టు ఒక్కటీ కొట్టకుండా, ఖాళీల్లోనే సిల్వర్ ఓక్ పెట్టండి. పాత తోట అయితే ముసలి సిల్వర్ ఓక్ ఒకటి తీసినప్పుడల్లా ఆ చోట పనసో నేరేడో పెట్టండి. కాఫీ కాపుకి రావడానికి ఎలాగూ మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ వేళకి పనస కూడా అందుకుంటుంది.

అడవి అంచు చేను: కంచె మార్చాలా, పంట మార్చాలా?

అడవి పంది ఒక్క రాత్రిలో వేరుశనగ చేనుని దున్నేసిన రైతుకి వన్యప్రాణి సంరక్షణ గురించి చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు, ముందు ఆ నష్టానికి జవాబు చెప్పాలి. చెడ్డ దారి అందరికీ తెలుసు: స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగడం. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. నల్లమలలో, కవ్వాలలో పెద్దపులికే కాదు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క రైతుకీ ఆ తీగ ఒక్కటే. దాన్ని ఎంపికల్లోకే రానివ్వకండి.

మిగిలినవాటిలో సోలార్ కంచె బాగా పనిచేస్తుంది, దాని షాకు క్షణకాలం తగిలి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. కానీ మొదటి ఖర్చు ఎక్కువ, తీగకి గడ్డి తగలకుండా వారం వారం కోయాలి, బ్యాటరీ పోకుండా చూసుకోవాలి. రెండు మూడెకరాలకి ఒక్కడే వేసుకుంటే గిట్టదు. వరసగా ఉన్న పదిమంది రైతులు కలిసి బయటి గట్టంతా ఒకే కంచె వేసుకుంటే మనిషికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. మంచె మీద రాత్రి కాపలాని ఖర్చు లేని పద్ధతి అనుకుంటారు. మీ నిద్రకి, మీ మర్నాటి పనికి కూలి కట్టి చూడండి.

చవకైనది, నేను ముందు ప్రయత్నించమని చెప్పేది, అంచు పంట. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇలాంటి జీవాల మీద పనిచేసే విభాగం సిఫారసు ప్రకారం వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు కుసుమ దగ్గర దగ్గరగా వేయాలి, మొక్కజొన్న చుట్టూ ఆముదం. కుసుమ ముళ్లు పంది మూతికి గుచ్చుకుంటాయి, ఆముదం వాసన మొక్కజొన్న వాసనని కప్పేస్తుంది, ఆకుని అది తినదు. పైగా ఆ వరసల్లో వచ్చిన గింజ అమ్ముకోవచ్చు, కంచె అయితే అమ్ముకోలేం కదా. అంచు పంట అసలు పంటకన్నా పది పదిహేను రోజులు ముందు వేస్తే, గింజ వచ్చే వేళకి గోడలా లేస్తుంది. మందలు మందలుగా వచ్చే చోట ఇది ఒక్కటే ఆపలేదు, అక్కడ కంచె కూడా కావాలి.

ఇంకా లోతుగా వెళ్తే పంట మార్చడం. అడవికి ఆనుకున్న మొదటి ముక్కలో మొక్కజొన్న వేసి ఏటా పోగొట్టుకునే బదులు, అక్కడ నువ్వులో ఆముదమో వేసి, మొక్కజొన్నని ఊరివైపు ముక్కలోకి తెచ్చుకోండి. నువ్వుకి 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 9,846 రూపాయలు, మొక్కజొన్నకి 2,400. దిగుబడి చాలా తేడా ఉంటుంది, నిజమే. కానీ పంది తినగా మిగిలిన మొక్కజొన్నతో పోల్చాలి, కాగితం మీది దిగుబడితో కాదు. ఏనుగులు తిరిగే చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల అయితే అంచు పంటలేవీ ఆగవు, అడవి పక్కన చెరకు, అరటి వేయకపోవడమే మిగిలిన దారి.

నష్టం జరిగితే అదే రోజు ఫోటోలు తీసి అటవీ శాఖ బీటు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. వన్యప్రాణుల దాడి నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది, 72 గంటల్లో యాప్‌లో తెలపాలి. మీ రాష్ట్రం, మీ జిల్లా, మీ పంట ఆ జాబితాలో ఉన్నాయో లేదో విత్తనానికి ముందే వ్యవసాయ అధికారిని అడగండి.

సేంద్రియ ముద్ర ఏది తీసుకోవాలి?

త్వరగా చెప్పేస్తాను. ఊళ్లో, పట్నంలో నేరుగా అమ్మేవాళ్లకి పీజీఎస్ చాలు. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది, ఖర్చు నామమాత్రం. ఎగుమతి చేసే కాఫీకి, మిరియాలకి బయటి సంస్థ తనిఖీ ఉండాల్సిందే, దాని రుసుము భరించాలంటే సహకార సంఘంగానే వెళ్లాలి. ఏ ముద్రకైనా సేంద్రియానికి మారే కాలం రెండు మూడేళ్లు ఉంటుంది, ఆ కాలంలో మామూలు ధరే వస్తుంది. మొదటే చెప్పినట్టు మంచి ధర రాకపోయినా నిలబడే లెక్క ఉంటేనే దిగండి.

భూమి మీదా, కౌలుదా?

చాలా సలహాలు ఇక్కడే బోల్తా పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం పదకొండు నెలలకే. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతుని పనస నాటమనడం అన్యాయం. కౌలు రైతుకి పనికొచ్చేవి ఒక్క పంట కాలంలో ఫలితం ఇచ్చేవే: అంచు పంట, పిట్టల కర్రలు, ఉమ్మడిగా ఎలుక బుట్టలు, కందిలో కలిపి పంటలు. వేసవిలో నవధాన్యాలు కూడా, కౌలు కొనసాగుతుందని మాట ఉంటేనే.

చెట్లు, గడ్డి బీడు, నీడ తోట భూయజమాని పని. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటూ ఊళ్లో పొలం కౌలుకిచ్చినవాళ్లు చాలామంది పుట్టిన ఊరికి ఏదైనా చేయాలని అడుగుతుంటారు. వాళ్లకి నేను చెప్పేది గుడి కట్టించడం కన్నా తేలిక. కౌలు మాట్లాడేటప్పుడు మూడు షరతులు పెట్టండి: గట్టు మీది చెట్లు కొట్టకూడదు, గుళికలు వాడకూడదు, రాళ్ల ముక్క దున్నకూడదు. బదులుగా ఆ రాళ్ల ముక్కకి కౌలు తీసుకోకండి, మిగతా చేనుకి కౌలు కొంచెం తగ్గించండి, ఐదేళ్ల పాటు అదే రైతుకి ఇస్తామని పెద్దమనుషుల ముందు మాటివ్వండి. ఏటా కాగితం పదకొండు నెలలకే రాసుకున్నా, ఆ మాట ఉంటే రైతు గట్టు మీద నాలుగు మొక్కలు తనే పెడతాడు, వేసవిలో వాటికి నీళ్లూ తనే పోస్తాడు.